కేసుషీటులో ఉన్నది ఎవరి మాట?

ఆసుపత్రికి వెళ్ళిన స్త్రీని మొదట అడిగేది "ఏమిటమ్మా బాధ?" అనే. ఆమె జవాబు కేసుషీటులో పై పంక్తి అవుతుంది. వైద్యం మొదలయ్యేది అక్కడే. బిల్లు మొదలయ్యేదీ అక్కడే. ఏ బాధతో వచ్చింది, పరీక్షల్లో ఏం తేలింది, చేసిన వైద్యం దానికి తగిందేనా అన్నది చూసే బీమా కంపెనీ అయినా, ప్రభుత్వ పథకమైనా డబ్బు చెల్లించాలి.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదలకు పెద్దాసుపత్రుల తలుపులు తెరుచుకున్నాయి. ఆ మేలు కాదనలేం. కాని ఇలాంటి పథకాల్లో ఆపరేషన్‌కి ఇంత అని ప్యాకేజీ ఉంటుంది. తెల్లబట్ట అవుతోందని వచ్చిన స్త్రీకి మందులిచ్చి పంపితే ఆసుపత్రికి మిగిలేది స్వల్పం. గర్భసంచి తీస్తే ప్యాకేజీ. అలాంటప్పుడు ఆమె చెప్పిన "తెల్లబట్ట, నడుంనొప్పి" కాగితం మీద "మందులకు తగ్గని రక్తస్రావం"గా మారడానికి ఎంతసేపు? ఇంగ్లీషులో ఉన్న ఆ పంక్తిని ఆమె చదవలేదు. కింద వేలిముద్ర మాత్రం ఆమెదే.

ఎందుకు తీశారని నేనడిగితే చాలామంది "కాన్సర్ వస్తుందన్నారు" అంటారు. నేను చూసిన కాగితాల్లో ఆ మాట ఉండదు. భయపెట్టింది నోటితో, బిల్లు పెట్టింది వేరే కారణంతో!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. అన్నీ అనవసరమని నేననను. ఆపరేషన్ తప్పని జబ్బులున్నాయి. ఏది అవసరమో తేల్చవలసింది కేసుషీటే. అదే అబద్ధమాడితే తనిఖీకి వచ్చినవారికి అంతా సక్రమంగానే కనిపిస్తుంది. నష్టం మాత్రం ఆమె శరీరానిది. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ఎముకలు బలహీనపడతాయి, కూలిపని చేసే సత్తువ తగ్గుతుంది.

బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన ఇలాంటి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇచ్చింది. అనవసర ఆపరేషన్ల నివారణకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. తీర్పు గ్రామానికి చేరాలంటే ఎవరో ఒకరు కాగితం అడగాలి.

అడిగే హక్కు ఉంది. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్ళు భద్రపరచాలి. రోగి కోరితే 72 గంటల్లో ఇవ్వాలి.

సంఘాల్లో పనిచేసే మిత్రులను నేను కోరేది ఇదే. ఆసుపత్రికి తోడు వెళ్ళినప్పుడు, సంతకానికి ముందే ఆ పంక్తిని తెలుగులో చదివి వినిపించమనండి. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాయమనండి. డిశ్చార్జి నాడు కేసుషీటు నకలు అడిగి తీసుకోండి. నిజాయితీగా వైద్యం చేసే డాక్టరుకూ అదే రక్ష. తన బాధ ఏమిటో చెప్పవలసింది స్త్రీ. దాన్ని బిల్లుకు తగ్గట్టు తిరగరాసే అధికారం ఎవరికీ లేదు.