ఆరు రోజుల తాళం

డిసెంబరు రాగానే నగరంలో చాలా చర్చిల ఆవరణల్లో దుప్పట్ల కట్టలు దిగుతాయి. బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్టు కలిపిన సంచులు, వెనక బ్యానరు, ముందు పాస్టరుగారూ సంఘ పెద్దలూ. తీసుకునే ముసలమ్మ కెమెరా వైపు తిరిగేదాకా సంచి పూర్తిగా చేతికి రాదు. అయినా దుప్పటి దుప్పటే, ఫొటో తీసినంత మాత్రాన చలి ఆపకుండా పోదు. నా సందేహమల్లా, పేటలో ఎవరికి ఏది కరువో చూసి ఇస్తున్నామా, మనకు సులువైనది ఇచ్చేసి ఊరుకుంటున్నామా అనే.

ఇవ్వడం తెలుగు సంఘాలకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. వందేళ్ల కిందట దోర్నకల్ అధ్యక్ష మండలంలో కూలికి వెళ్లొచ్చిన ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం ఆ బియ్యం గుడికి చేరేది. ఆ ఇళ్లలో చాలావాటికి మర్నాటి తిండికే పూచీ లేదు. మిజోరంలోనూ ఇదే ఆచారం, అక్కడ నేటికీ గట్టిగా సాగుతోంది. మన కోత పండుగల్లో కానుకగా వచ్చిన సొరకాయలనూ కోళ్లనూ వేలం వేయడం ఇప్పటికీ ఉంది. మామూలు గుమ్మడికాయను పంతంకొద్దీ పదింతల ధరకు పాడి, డబ్బు కట్టి, కాయను మళ్లీ వేలానికే వదిలేసే పెద్దమనుషులుంటారు. అది వేడుకా, కానుకా అంటే రెండూ.

ఆ దోర్నకల్ మండలాన్ని నడిపించినవారు వి.ఎస్. అజరయ్య. తిరునల్వేలి వైపు నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1945లో పోయేదాకా ఇక్కడే పనిచేశారు. ‘క్రిస్టియన్ గివింగ్’ అని ఇవ్వడం గురించే ఒక పుస్తకం రాశారు. నాకు మాత్రం ఆ పుస్తకం కంటే 1910లో ఎడింబరో మిషనరీల మహాసభలో ఆయన చేసిన ప్రసంగమే ముఖ్యం. అప్పటికాయనకు 35 ఏళ్లు. మా పేదల కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, ఇప్పుడు ప్రేమ కూడా ఇవ్వండి, మాకు స్నేహితులు కావాలి అని మొహం మీదే అడిగారు. సభలో కొందరికి గుచ్చుకుంది. పెట్టేవాడూ తినేవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చునే వీలుందా అన్నది ఆయన తగువు.

ఆ తగువును హైదరాబాద్ అశోక్‌నగర్ సందుల్లోకి తెచ్చి చూడండి. గ్రూప్స్ కోసం, డీఎస్సీ కోసం ఊళ్లు వదిలి వచ్చిన పిల్లలు సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం పొద్దున్నే కాచుకుంటారు. లోపల చోటు దొరకనివాళ్లు ఆవరణలో ఎక్కడ నీడ ఉంటే అక్కడ పుస్తకం తెరుస్తారు. 2023 ఎన్నికల ముందు రాహుల్ గాంధీ వచ్చి వీళ్లతో మాట్లాడి వెళ్లారు. 2024 అక్టోబరులో గ్రూప్-1 అభ్యర్థులు రిజర్వేషన్లకు సంబంధించిన జీవో 29 మీద ఇక్కడే రోడ్డెక్కి లాఠీదెబ్బలు తిన్నారు. తిండి సంగతి కాస్త నయం, జీహెచ్‌ఎంసీ 2014లో మొదలుపెట్టిన 5 రూపాయల భోజనం ఉంది. చోటుకే కటకట. ఫ్యాను కింద ఒక బల్ల, తాగునీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి. స్టడీ హాళ్లవాళ్లు నెలకింతని తీసుకుని అమ్ముతున్నది వీటినే.

చర్చికి ఇవన్నీ ఉన్నాయి. ఆదివారం ఆరాధన, వారం మధ్యలో ఒక ప్రార్థన కూటం, అప్పుడప్పుడూ ఓ పెళ్లి. మిగతా పగళ్లన్నీ సండే స్కూలు గదులకు తాళం.

కమిటీలో ఏమంటారో తెలుసు: ఎవరెవరో వస్తారు, కరెంటు బిల్లు పెరుగుతుంది, వాచ్‌మన్‌కు అదనంగా ఇవ్వాలి. నిజమే, ఖర్చే. దుప్పట్ల పద్దులోంచి నెలనెలా కొంత తీస్తే సరిపోయే ఖర్చు, విదేశీ నిధులూ ఎఫ్‌సీఆర్‌ఏ కాగితాలూ అక్కర్లేదు. అసలు చిక్కు ఇంకోటి. ఊళ్లో ఉన్న తండ్రి, చర్చిలో చదువుకోవడమేంట్రా, మతం మారుస్తారేమో అంటాడు. ఆ అనుమానం మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. సంఘమే ముందుగా కట్టడి పెట్టుకోవాలి. బల్ల మీద కరపత్రం ఉండకూడదు. ఫోన్ నంబరు తీసుకుని ఆదివారం రమ్మని మెసేజీలు పెట్టకూడదు. సువార్త దాచమంటారా అని కొందరు విశ్వాసులు నొచ్చుకుంటారు. దాచమనడం లేదు. అవసరంలో ఉన్నవాడు చేతిలో ఏం పెట్టినా తీసుకుంటాడు, అలా తీసుకున్నదాన్ని నమ్మకమని లెక్క రాసుకోవద్దంటున్నాను.

గదులు తెరిస్తే మనుషులు కూడా దొరుకుతారు. గ్రూప్-1 మెయిన్స్‌లో అర్హత కోసం రాయాల్సిన జనరల్ ఇంగ్లిష్ పేపరంటే తెలుగు మీడియం పిల్లలకు గుండెదడ. వాళ్ల వ్యాసాలు ఎర్రసిరాతో దిద్దిపెట్టగల రిటైర్డు టీచరమ్మ ఒక్కరైనా లేని సంఘాన్ని చిక్కడపల్లి, నారాయణగూడ చుట్టుపక్కల వెతికి చూపించండి.