పది లక్షల గుడ్లున్నా... పులసకు కరువే!

జులై వచ్చిందంటే భద్రాచలం వైపు నుంచి ఎర్రనీరు దిగుతుంది. గోదారి రంగు మారిందని తెలియగానే యానాం, అంతర్వేది, నరసాపురం రేవుల్లో ఒకటే ప్రశ్న... ‘పులస పడిందా?’ పడితే చాలు, ఒడ్డునే పాట మొదలు. ఈమధ్య కాలంలో యానాంలో ఒక్క చేప 20 వేల రూపాయలు దాటి పలికిన రోజులున్నాయి. పుస్తెలమ్మయినా పులస తినాలని సామెత కట్టిన పెద్దాయన ఏదో సరదాకి అని ఉంటాడు. ఇప్పుడు ఆ లెక్క దగ్గరకొచ్చేస్తోంది!

ఆ పాటలోనూ పోతు పులస కన్నా శన పులసకే గిరాకీ. కడుపు నిండా గుడ్లున్న ఆడచేపను మట్టి దాకలో బెండకాయలు, వెన్నపూస వేసి సన్నని సెగ మీద పులుసు పెట్టి, ఆ పూటకి ముట్టకుండా మర్నాడు తింటే ఆ రుచే వేరని గోదావరి జిల్లాల వారి నమ్మకం. సరే, ఆ శనలో ఎన్ని గుడ్లుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? చేప సైజును బట్టి లక్ష నుంచి 20 లక్షల దాకా! మరి ఇన్ని గుడ్లు పెట్టే చేపకు కరువెందుకొచ్చినట్టు?

చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక తల్లి పులస తన జీవితకాలంలో పది లక్షల గుడ్లు పెట్టిందనుకుందాం. తరం మారినా పులసల సంఖ్య ఇప్పుడున్నంతే ఉండాలంటే వాటిలో ఎన్ని బతికి, పెద్దవై, మళ్లీ సంతానాన్ని కనాలి? రెండంటే రెండు. తల్లికి బదులు ఒకటి, తండ్రికి బదులు ఒకటి. మూడు బతికితే తరం తిరిగేసరికి మంద ఒకటిన్నర రెట్లవుతుంది. ఒకటే బతికితే సగానికి పడిపోతుంది. పది లక్షల్లో ఒక్కటి అటో ఇటో అయితే జాతి జాతకమే మారిపోతుందన్నమాట. మిగిలిన 9,99,998 పొదగకుండా పాడైపోయేవి, సాటి చేపల నోట్లో పడేవి, పిల్ల దశలోనే వలకు చిక్కేవి. అన్ని గుడ్లు పెట్టేది సమృద్ధికి కాదు, అన్ని పెడితేగానీ ఆ రెండూ దక్కవని!

చేపలన్నీ ఇదే దారిలో పోవు. కొరమీను పెట్టేది వేలల్లోనే. కానీ నాచులో గూడు చేసుకుని గుడ్లను కాస్తుంది, పిల్లలను వెంటేసుకుని తిప్పుతుంది. చెరువులో ఎర్రగా బుడబుడలాడే పిల్లల గుంపు కనిపిస్తే కిందే పెద్ద చేప ఉంటుందని పల్లెటూళ్లలో ఏ కుర్రాణ్నడిగినా చెబుతాడు. సొరల్లో చాలా రకాలు అసలు గుడ్లే పెట్టవు, పిల్లల్ని కంటాయి. ఈతకు కొద్దిమందే. పైగా పెద్ద జాతి సొరలు ఈడుకు రావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. అలాంటి చేపను ఎడాపెడా పట్టేస్తే కోలుకోవడం కష్టం. ఇక డెల్టా వాసులకు పులస తర్వాత అంత ఇష్టమైన పండుగప్పది మరో వింత. అది పుట్టుకతో మగది, ఎదిగాక ఆడదవుతుంది! పెద్ద చేపలనే ఏరి పడితే పోయేవన్నీ తల్లులే.

గుడ్ల సంఖ్య చూసి మోసపోయినవాళ్లలో మహామహులున్నారు. కాడ్ లాంటి సముద్రపు చేపలు ఎంత పట్టినా తరగవని 1883లో లండన్‌లో జరిగిన చేపల ప్రదర్శనలో థామస్ హక్స్‌లీ అంతటి శాస్త్రవేత్త చెప్పాడు. కాడ్ కూడా లక్షల గుడ్ల చేపే. తర్వాత 1992 జులైలో కెనడా తన తూర్పు తీరంలో కాడ్ వేటను నిషేధించాల్సి వచ్చింది. ఆ నిషేధం ఎత్తేస్తున్నామని ప్రకటించడానికి 32 ఏళ్లు పట్టింది. అక్కడి కాడ్ ఈడుకు రావడానికే ఐదారేళ్లు పడుతుంది మరి.

పులస అదృష్టం ఇక్కడే ఉంది. ఏడాది, రెండేళ్లకే గుడ్లు పెట్టే వయసుకొచ్చేస్తుంది. బతికేది ఐదారేళ్లు. వడ్డీ ఎంత తొందరగా అసల్లో కలిస్తే సొమ్ము అంత తొందరగా పెరిగినట్టు, తరాలు త్వరగా తిరిగే చేప నాలుగు రోజులు ఊపిరి పీల్చుకోనిస్తే చాలు, పుంజుకుంటుంది. కానీ ఊపిరి పీల్చుకోనిచ్చేదెవరు?

సముద్రంలో ఉన్నంతకాలం అది ఇలస. గుడ్లు పెట్టడానికి మొగ దాటి, గోదారి తీపి నీటిలో ఎదురీదాకే పులస. పుట్టిన పిల్లలు కొన్ని నెలలు ఏట్లోనే పెరిగి మళ్లీ కడలికి చేరాలి. అంటే రాకకూ పోకకూ ఒక్కటే దారి. ఆ దారికి అడ్డంగా ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తిచేశారు కాటన్ దొర. కరువు సీమను అన్నపూర్ణగా మార్చిన కట్టను ఎవరూ తప్పుపట్టరు, పట్టకూడదు కూడా. పాత కట్ట స్థానంలో 175 గేట్ల బ్యారేజీ వచ్చింది. వరదలో గేట్లెత్తినప్పుడు తప్ప అది చేపకు గోడే. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక, అంతకుముందు అలహాబాద్ దాకా ఈదుకెళ్లిన ఇదే చేప ఎగువన దాదాపు కనుమరుగైంది. పోలవరం స్పిల్‌వేలో చేపలు ఎక్కిపోయేందుకు ఫిష్ ల్యాడర్‌కు చోటిచ్చారు, మంచిదే. అయితే అక్కడికి చేరాలంటే పులస ముందు ధవళేశ్వరం దాటాలి కదా!

గోడ దాటలేని చేప ఎక్కడ ఉంటుంది? మొగకూ బ్యారేజీకీ మధ్యే. వలలూ అక్కడే. శన పులసకు ఎక్కువ ధర పెడుతున్నామంటే, గుడ్లు విడవకముందే పట్టమని జాలరికి మనమే బహుమతి ప్రకటించినట్టు. జాలరిని అని లాభం లేదు, సీజన్లో ఒక్క పులస పడితే ఇంట్లో పిల్లల ఫీజులు గడిచిపోతాయి.

పోనీ చెరువులో పెంచుదామా? బొచ్చె, శీలావతిని దారికి తెచ్చినంత తేలిక కాదు. 1957లో హీరాలాల్ చౌధురి ఇంజెక్షన్‌తో ఆ జాతి చేపల చేత గుడ్లు పెట్టించబట్టే కొల్లేరు చుట్టూ ఇన్ని చెరువులొచ్చాయి. పులస మహా సుకుమారి. వలలోంచి తీసేసరికే ప్రాణం పోతుంది. అందుకే గిరాకీ తట్టుకోలేక ఒడిశా, బెంగాల్ ఇలసలు ఐసుపెట్టెల్లో దిగి, మన బజార్లో గోదావరి పులసలుగా చలామణీ అయిపోతున్నాయి.

ఇదే చేపను బంగ్లాదేశ్ ఎలా కాపాడుకుందో చూడండి. అక్కడ అక్టోబరు పౌర్ణమి రోజుల్లో, గుడ్లు పెట్టే వేళ, 22 రోజులు వేట బంద్. నవంబరు నుంచి జూన్ దాకా 25 సెంటీమీటర్ల లోపు పిల్లలను పట్టకూడదు. ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకు ప్రభుత్వం బియ్యమిస్తుంది. 2002-03లో రెండు లక్షల టన్నులకు కాస్త తక్కువగా ఉన్న దిగుబడి 2017-18కి ఐదు లక్షల టన్నులు దాటింది. తల్లిని ఒకసారి గుడ్లు పెట్టనివ్వడం, పిల్లను ఒక ఏడాది ఎదగనివ్వడం... పది లక్షల్లో ఆ రెండింటిని మూడు చేయడానికి వాళ్లు పట్టుకున్న కీలకాలివి.

మనకూ వేట విరామం ఉంది. తూర్పు తీరంలో ఏటా 61 రోజులు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్లు తిరగవు. ఎండాకాలంలో గుడ్లు పెట్టే సముద్రపు చేపలకు అది బాగానే పనికొస్తుంది. పులస మొగ దగ్గరికొచ్చేది మాత్రం జులై, ఆగస్టు, సెప్టెంబరుల్లో... పడవలన్నీ మళ్లీ నీళ్లలోకి దిగాక.