పెరటితోట: రోహిణిలో నాలుగు బకెట్ల నీరు

గ్రీష్మాంతమున పెరటిలో ఏమేమి నాటవచ్చునో వ్రాయుమని కొందఱు సోదరీమణులు అడుగుచున్నారు. వ్రాయుటకు కూర్చుండి, మా పెరటివైపు ఒకసారి చూచి, ఆ ప్రశ్ననే కొంత మార్చుకొంటిని. మే నెల 25వ తేదీ ప్రాంతమున రోహిణి కార్తె ప్రవేశించును. జూన్ 8వ తేదీ ప్రాంతమున మృగశిర వచ్చును. నడుమనున్న ఈ రెండు వారములు మా మందమర్రిలో నాటుటకు తగిన కాలము కాదు. ఉన్నవానిని ఆవలి యొడ్డునకు చేర్చుటయే యిప్పటి పని. అన్నింటిని చేర్చుట సాధ్యము కాదు గనుక, వేనిని విడిచిపెట్టవలెనో ముందుగా తేల్చుకొనవలెను.

రోహిణిలో రోళ్లు పగులునని పెద్దలందురు. రోలు పగులగా నేను చూడలేదు గాని, మట్టికుండీ పగులుట చూచితిని. ఈ బొగ్గుగనుల నేలపై ఎండ 45 డిగ్రీలు దాటుట వింత కాదు. సాయంకాలము ఏడుగంటలకు గూడ గచ్చు మీద అరికాలు మోపలేము. మా క్వార్టరునకు ముందు కొంచెము నేల, వెనుక మఱికొంచెము. కుండీలతో కలిపి ముప్పది మొక్కలు. వంటకును, స్నానములకును, బట్టలకును పోగా మొక్కల వంతునకు వచ్చునది దినమునకు నాలుగు బకెట్లు. కుళాయి రాని నాడు మూడే.

మొదటి వేసవులలో నేను ఈ నాలుగు బకెట్లను ముప్పది మొక్కలకును సమముగా పంచుచుంటిని. ఒక్కొక్కదానికి రెండేసి చెంబులు. పంపకము ధర్మముగానే యుండెను గాని, ఆ నీరు పైనున్న రెండంగుళముల మట్టిని తడిపి మధ్యాహ్నమునకే ఆవిరియై పోవుచుండెను. లోతు వేళ్లకు చుక్కయైన దిగలేదు. పైగా నీటి యాసకు పిల్లవేళ్లు పైకి వచ్చి ఎండకు మాడెను. తొలకరి నాటికి ముప్పదిలో ఇరువది పోయినవి. ఆనాటినుండి నా లెక్క మాఱినది.

మొదట టమాటను విడుతును. పగటివేడిమి 35 డిగ్రీలు దాటి, రాత్రియు చల్లబడనిచో దాని పూవు పిందె కట్టక రాలిపోవును. మొక్క మాత్రము పచ్చగా నిలిచి మనలను మభ్యపెట్టుచుండును. జాలిపడి దానికి పోయు నీరు పాఱబోసినట్లే. చిక్కుడు, అలసంద పాదులకు ఈ పొడివేడిలో ఎఱ్ఱనల్లి పట్టును. వానిని గూడ పీకి, ఎండిన తీగను ఇతర మొక్కల మొదళ్ల చుట్టు పఱచుటకు ఉంచుకొనవచ్చును, నల్లి పట్టినదానిని మాత్రము దూరముగా పాఱవేయవలెను. వంగను పీకవలదు. నేలనుండి మూరెడు విడిచి కొమ్మలు కోసి, రెండు మూడు దినములకొకసారి తడిపినచో, వానలు పడగానే క్రొత్తచిగుళ్లు వేసి మఱల కాయును. కొన్న మొక్కకంటె ముందుగానే కాయును.

నీరడుగని మొక్కలు కొన్ని కలవు. మునగ ఒకటి, మొదటి యేడు దాటిన చెట్టునకు వేసవిలో నా బకెట్టుతో పని లేదు. కలబంద తన ఆకులలోని నీటితోనే గడుపుకొనును. గన్నేరు ఎండను లెక్కచేయక పూయును గాని దాని ఆకు, పూవు, కొమ్మ సర్వము విషమే గనుక, చిన్నబిడ్డలున్న యింట దానిని నేను నాటను. బిళ్లగన్నేరు గోడబీటలలో గూడ మొలచి పూయుచుండును. అది మడగాస్కరు ద్వీపమునుండి వచ్చినది; దానినుండి తీసిన మందులు పిల్లలకు వచ్చు రక్తపు క్యాన్సరు చికిత్సలో పనికివచ్చుచున్నవి. ఆ మాట విని, మధుమేహమునకు మంచిదని ఇంటిలో ఆకులు నమలువారున్నారు. అది ప్రమాదము. వైద్యుడు తూచి యిచ్చునది వేఱు, పెరటిలో త్రుంచి నమలునది వేఱు.

అన్నింటికంటె మేలైనది కాగితపుపూవు. నీరు తక్కువైనప్పుడే అది మఱింత విరగబూయును. మనము పూఱేకులనుకొను రంగుకాగితములు నిజమునకు ఆకులే. అసలు పూవు వాని నడుమ తెల్లని చిన్నగొట్టమువలె నుండును. దీని జన్మస్థానము దక్షిణ అమెరికా. ఫ్రెంచి నావికుడు బూగెన్‌విల్ భూప్రదక్షిణమునకు బయలుదేఱినప్పుడు, ఆ యాత్రలోని వృక్షశాస్త్రజ్ఞుడు కొమ్మెర్సాన్ 1767లో బ్రెజిలు దేశపు రియో డి జనీరో రేవున దీనిని సేకరించి, నాయకుని పేరు పెట్టెను. ఆ శాస్త్రజ్ఞుని వెంట సంచులు మోయుచు, మొక్కలు కోయుచు తిరిగిన సేవకుడు పురుషవేషములోనున్న స్త్రీ. ఆమె పేరు జీన్ బారె. ఆనాటి ఫ్రెంచి నౌకలలో స్త్రీలకు ప్రవేశము లేదు గనుక ఆ వేషము వేసినది. కొమ్మెర్సాన్ కాలినొప్పితో బాధపడుచుండెను గనుక, ఈ కొమ్మను మొదట త్రుంచినది ఆమె చేతులే అయియుండునని తలచువారు కలరు. భూమిని చుట్టివచ్చిన మొదటి స్త్రీగా చరిత్ర ఆమెను గుర్తించినది. 2012లో మన వంగ జాతికే చెందిన ఒక క్రొత్తమొక్కకు ఆమె పేరు పెట్టిరి. కాగితపుపూవునకు మాత్రము నాయకుని పేరే నిలిచినది. గోడమీద ఆ గుత్తులను చూచినప్పుడెల్ల నాకిది జ్ఞాపకము వచ్చుచుండును.

ఇక నాలుగు బకెట్లు ఎవరికి? మొదటి చెంబు తులసికి. వెన్నులు ముదిరి గింజ పట్టినచో తులసి త్వరగా ఎండును. కావున ఈ దినములలో వెన్నులను ఎప్పటికప్పుడు త్రుంచివేయవలెను. తరువాత మల్లె. రోహిణినాటికి దాని పూత ముగింపునకు వచ్చును, మొగ్గలు చిన్నవగును. అది చూచి కొందఱు కత్తెర పట్టుకొందురు. మల్లెకు కత్తిరింపు చలికాలపు పని. ఇప్పుడు కోసినచో ఎండదెబ్బకు కొమ్మలు వెనుకకు ఎండిపోవును. తరువాత ఏడాది లోపలి కరివేపమొక్క, దొండపాదు, తీగబచ్చలి. బచ్చలి ఇంత వేడిలోను కూరకు ఆకిచ్చును గనుక దానికి పోసిన నీరు అదే వారమున పళ్లెములోనికి తిరిగి వచ్చుచున్నది. మందారమునకు ఈ వేడిలో దూదివలె తెల్లగా పిండినల్లి పట్టును; దానికి మందుకంటె ముందు, చెంబెడు నీటిని విసురుగా కొట్టి కడిగిచూడుడు.

బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీరు పైన చెప్పిన నాలుగు బకెట్లలో లేదు. దానిని వేఱుగా పట్టియుంచినచో మఱియొక బకెట్టు దొరకును. సబ్బునీరు అరటికిని, మెట్టతామరకును పోయుచున్నాను. ఆకుకూరలకు పోయను. పోయు వేళ సూర్యోదయమునకు ముందే. పగలు మేడమీది తొట్టిలోను, ఇనుపగొట్టములోను నిలిచిన నీరు చేయి కాల్చునంతగా వేడెక్కును. మధ్యాహ్నము కుళాయి వచ్చినదని సంతోషించి, తిన్నగా గొట్టముతో పాదులు తడిపి, ఆ సాయంకాలమునకే ఒక గులాబిని పోగొట్టుకొంటిని.

కరివేపమొక్కకును దొండకును నేనొక చిన్నకుండను పాతితిని. రంగు వేయని క్రొత్త మట్టికుండను మొక్కకు జానెడు దూరమున మెడవఱకు పాతి, నీరు నింపి, మూకుడు మూయవలెను. నీరు కుండగోడల గుండ ఊరుచు వేళ్ల దగ్గఱకే చేరును. పైమట్టి పొడిగానే యుండును గనుక ఆవిరి తక్కువ. చైనా దేశమున క్రీస్తుపూర్వము 1వ శతాబ్దిలో ఫాన్ షెంగ్‌జి వ్రాసిన వ్యవసాయగ్రంథమున ఈ పద్ధతి కలదు. మా యింటివారు మొదట చూచి, మొక్కకు కుండ పెట్టితివా, గరిటెయు పెట్టుమని నవ్విరి. ఇప్పుడు వారే ఆ కుండ నింపుచున్నారు.

ఈ ప్రాంతపువారికి ప్రత్యేకముగా చెప్పవలసిన సంగతి బూడిద. నేను 1988లో పెండ్లియై ఈ యూరు వచ్చితిని. అప్పుడు మా వాడలో బొగ్గుపొయ్యిలే ఎక్కువ. మా పుట్టింట కట్టెలపొయ్యి బూడిదను సొరపాదునకు, అరటికి వేయుట చిన్ననాటినుండి ఎఱుగుదును. ఆ అలవాటున ఇచ్చటి పొయ్యిబూడిదను ప్రతిదినము తీసి సొరపాదులో పోయుచుంటిని. నెల తిరుగకముందే ఆకుల అంచులు పసుపువాఱి, పిదప నిప్పు సోకినట్లు మాడసాగినవి. నీరు చాలలేదనుకొని నీరు హెచ్చించితిని, ఇంకను మాడినది. ప్రక్క క్వార్టరులోని ముసలమ్మ ఒకనాడు గోడమీదుగా చూచి, “గది కట్టెబూడిద కాదు బిడ్డా, బొగ్గుబూడిద. గిన్నెలు తోముకో గని చెట్టుకు ఏయకు” అనెను. అప్పటికే పాదు చేయి దాటినది.

కట్టెబూడిదలో పొటాషు, సున్నము ఉండును. చెట్టు నేలనుండి తీసికొన్నది మఱల నేలకు చేరును. బొగ్గుబూడిద అట్టిది కాదు. మన గోదావరిలోయ బొగ్గులో బూడిదపాలు హెచ్చు. అందు అధికభాగము రాతిమట్టియే. మొక్కకు పనికివచ్చునది స్వల్పము. బోరాను మోతాదు మించి ఆకుల అంచులను మాడ్చును. ఆర్సెనికు వంటి విషములును కొంత యుండును. కావున తినెడి మొక్కల పాదులలో దానిని ఎన్నడును వేయరాదు. నేడు మా యిండ్లలో వంట గ్యాసుమీదనే యైనను, బొగ్గుపొయ్యిలు పూర్తిగా పోలేదు. ఎఱువని ఉచితముగా ఎవరైన తెచ్చియిచ్చినచో ఏ పొయ్యిదో అడిగి తీసికొనుడు.

ఆకులమీద పడు నల్లదుమ్ము మఱియొక చిక్కు. అది ఆకు రంధ్రములను మూసి, వెలుతురును అడ్డగించును. వారమునకొకసారి తెల్లవాఱుజామున తడిగుడ్డతో కరివేపాకును, మల్లె ఆకులను తుడుచుచున్నాను. గుడ్డను నల్లగా చూచినప్పుడు కోపము వచ్చును. కాని ఆ దుమ్ము గూడ ఒకప్పుడు ఆకులే కదా. 25 కోట్ల సంవత్సరములకు పూర్వము ఇచ్చటి చిత్తడి అడవులలో పెరిగిన గ్లాసాప్టెరిస్ వంటి చెట్లే నేలక్రింద ఒత్తిడికి, వేడికి బొగ్గైనవి. ఆ ఆకుల అచ్చులు ఈ కాలపు రాళ్లలో దొరకుచున్నవి. అంత పాత తోటను క్రొత్త తోటమీదనుండి తుడుచుచున్నానని తలచుకొన్నచో కోపము కొంత తగ్గును. గుడ్డ మాత్రము తెల్లబడదు.

మృగశిర చినుకు పడిన పిదప నాటవలసినవి చాల కలవు. దొండకొమ్మలు, గోంగూర, బీర, పొట్ల అప్పుడు. బతుకమ్మకు బంతిపూలు ఇంటివే కావలెనన్నచో నారు ఆషాఢమున పోసినను చాలును; రోహిణిలో తొందరపడి పోసిన నారు ఎండకు పోవును. కరివేపగింజ మాత్రము నల్లగా పండినప్పుడే కోసి, కండ తీసి, వెంటనే విత్తవలెను. దాచిన గింజ మొలవదు.

నా మనస్సు ఇప్పుడున్నది వీనిమీద కాదు, బోడకాకరమీద. కోస్తావారు దీనిని ఆకాకర యందురు. వానకాలమున మా సంతలో దీని ధర కోడిమాంసము ధరకు దగ్గఱగా నుండును. మూడేండ్ల క్రిందట విత్తనములు వేయగా ఒకే తీగ నిలిచినది. ఏటేటను వానలకు మొలచి, పందిరి ప్రాకి, సాయంకాలములందు పచ్చని పూలు పూయుచున్నది. ఒక్క కాయయు లేదు. ఎఱువు చాలలేదని మొదటి యేడు, నీడ యెక్కువైనదని రెండవ యేడు అనుకొంటిని. తుదకు తెలిసినది, అది మగతీగ. ఈ జాతిలో ఆడ, మగ తీగలు వేఱువేఱు. ఆడపూవు క్రింద ముండ్లతో కూడిన చిన్నపిందె మొదటినుండియే కనబడును, మగపూవునకు ఉత్తకాడ. అయినను మగతీగను పీకరాదు, అది లేనిదే ఆడతీగ కాయదు. పది ఆడతీగలకు ఒక మగతీగ చాలునట. చీకటిపడువేళ మగపూవును త్రుంచి, ఆడపూవు నడుమ మెల్లగా తాకించినచో పిందె నిలుచును.

మొన్న శివరాత్రి వెళ్లిన తరువాత, సంతలో ఆకుకూరలమ్ము ఆమె తన పాదునుండి తీసిన దుంప నొకటి నాకిచ్చినది. కాసిన తీగ దుంపయే అక్కా, నమ్ముమన్నది. గోడప్రక్కన పాతితిని. దుంప ఎండకాలమంతయు నేలలో నిద్రించును. నీరు పోసినచో కుళ్లును. కావున నా నాలుగు బకెట్లలో దానికి వంతు లేదు. ప్రతి ఉదయము చెంబుతో దాని మీదుగానే నడచుచున్నాను. బ్రతికియున్నదో లేదో ఒకసారి త్రవ్వి చూతమని మా మనుమరాలు రోజును అడుగుచున్నది. ముట్టరాదని దానిపై ఒక చిప్ప బోర్లించితిని.

వాన పడి మొలక వచ్చినచో, పూవు క్రింద పిందె యున్నదో లేదో ఆషాఢమాసపు సంచికలో వ్రాసెదను.