గచ్చిబౌలిలో లీగ్ సరే... అమ్మాయిల సంగతేంటి?

2025 అక్టోబరులో ప్రైమ్ వాలీబాల్ లీగ్ నాలుగో సీజన్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జరిగింది. జీడిమెట్ల నుంచి కూకట్‌పల్లి మీదుగా వెళ్లి హైదరాబాద్ బ్లాక్ హాక్స్ ఆట చూసొచ్చిన అమ్మాయిలు మీలోనూ ఉండే ఉంటారు. కోర్టులో దిగినవాళ్లంతా మగవాళ్లే. ఇంటర్ చదువుతూ వాలీబాల్ ఆడే అమ్మాయికి అనుమానం రాకుండా ఉంటుందా: ‘ఈ ఆటతో నేను బతకగలనా?’

అలా బతుకుతున్న చోటొకటి ఉంది. టర్కీ మిడిల్ బ్లాకర్ జెహ్రా గునెష్ 1999లో పుట్టింది. ఇస్తాంబుల్‌లోని వకీఫ్‌బ్యాంక్ క్లబ్ యూత్ జట్టులో పెరిగి, అదే క్లబ్ సీనియర్ జట్టులో ఆడింది. 2023లో నేషన్స్ లీగ్, యూరోపియన్ ఛాంపియన్‌షిప్ రెండూ గెలిచిన టర్కీ జట్టులో ఆమె ఉంది. మంచి ఎత్తు కలిసొచ్చిందనుకోండి. కానీ పొడవైన అమ్మాయిలు మన బస్తీల్లో లేరా? తేడా ఎత్తులో కాదు, పోషించే చేతుల్లో ఉంది. ఆ క్లబ్ ఒక బ్యాంకుది. అక్కడి మరో పెద్ద క్లబ్ ఎజ్జాజిబాషి, మందుల తయారీతో ఎదిగిన గ్రూపుది. 1966 నుంచి నడుస్తోంది.

మందుల కంపెనీలంటే జీడిమెట్లకు కొత్తా! కంపెనీల చట్టం ప్రకారం సీఎస్ఆర్ నిధుల్ని ఒలింపిక్ క్రీడల శిక్షణకు వాడొచ్చు, వాలీబాల్ అందులోదే. పారిశ్రామికవాడలో ఒక కోచ్, ఒక కోర్టు, పదిహేనేళ్ల పిల్లలకు సాయంత్రం తిండి... దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. అడిగేవాళ్లు కావాలి, అంతే.

ఎందుకంటే మన దగ్గర ఆటకు జీతం ఉద్యోగం రూపంలోనే వస్తుంది. తెలంగాణలో 2 శాతం, ఏపీలో 3 శాతం స్పోర్ట్స్ కోటా ఉంది. మహిళల వాలీబాల్‌లో రైల్వేస్ ఎప్పటినుంచో బలమైన జట్టు. అక్కడ స్పోర్ట్స్ కోటాకు వయసు 18 నుంచి 25. అంటే 15 నుంచి ఉద్యోగం వచ్చేదాకా ఖర్చంతా ఇంటిదే. చాలామంది అమ్మాయిలు ఆట మానేసేది సరిగ్గా ఈ మధ్యలోనే. ఇందులో తల్లిదండ్రుల్ని తప్పుపట్టలేం.

ఆడుతూనే ఉన్నారా? అయితే కాగితాల దగ్గర ఏమరుపాటు వద్దు. కేంద్ర ఉద్యోగాలకు మామూలు మెరిట్ సర్టిఫికెట్ చాలదు, నిర్ణీత ఫారమే కావాలి. రాష్ట్ర జట్టుకు జాతీయ పోటీల్లో ఆడితే ఫారం-2, యూనివర్సిటీ తరఫున అయితే ఫారం-3, స్కూల్ గేమ్స్‌కి ఫారం-4. పైగా వాలీబాల్ జాతీయ సమాఖ్యలో కొన్నేళ్లుగా వివాదాలు, కోర్టు కేసులు నడిచాయి. కాబట్టి టోర్నీకి పేరిచ్చే ముందే కోచ్‌ను అడగండి: ‘సార్, ఇది గుర్తింపు ఉన్న సంఘం పెట్టే పోటీయేనా? ఫారం మీద ఎవరు సంతకం పెడతారు?’ టోర్నీ ముగిసిన వారంలోనే ఆ సంతకం చేయించుకోండి.