నాన్న ఇచ్చిన పెట్రోలు డబ్బులు

పొద్దున్నే ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర కాసేపు నిలబడి చూడండి. టిఫిన్ బాక్సు సంచి భుజాన తగిలించుకుని నాచారం ఫ్యాక్టరీలకు షిఫ్టు వేళకు పరుగెత్తేవాళ్లు, ‘తార్నాక.. తార్నాక’ అంటూ పిలిచే ఆటోవాళ్లు... వాళ్లలో ఎంతోమంది నాన్నలే. పిల్లల ఫీజు కట్టాల్సిన తేదీ ఇంట్లో ఎవరు మరిచినా వాళ్లు మరవరు. అయినా వాళ్ల గురించి మనం మాట్లాడుకునేది తక్కువ. తీరా మాట్లాడుకునే రోజుకి వాళ్లుండరు.

అలాంటి ఓ నాన్న మహమ్మద్ గౌస్. ఉండేది నగరానికి అటువైపు ఫస్ట్‌లాన్సర్‌లో. అద్దె ఇల్లు. నడిపేది ఆటో. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు బుద్ధిగా చదువుకుని సాఫ్ట్‌వేర్ ఇంజినీరయ్యాడు. చిన్నవాడు సిరాజ్‌కి క్రికెట్ పిచ్చి. అన్నలా చదవడం లేదని అమ్మ కోప్పడేది. నాన్న మాత్రం చిన్నవాడి ఆటకు అడ్డు చెప్పలేదు.

ప్రాక్టీసుకి ఉప్పల్ స్టేడియం దాకా రావాలి. నగరం ఆ కొస నుంచి ఈ కొసకి. ఒక పాత ప్లాటినా బండి, తోస్తే గానీ స్టార్టయ్యేది కాదు. నాన్న అరవయ్యో డెబ్బయ్యో చేతిలో పెట్టేవాడని, అందులో చాలావరకు పెట్రోలుకే పోయేదని తర్వాత సిరాజే చెప్పుకున్నాడు.

అరవై రూపాయలే కదా అనిపిస్తుంది. ఆటో నడిపేవాళ్లని అడగండి, ఆ అరవై విలువేంటో చెబుతారు. రోజంతా తిరిగితే చేతికొచ్చిందంతా సంపాదన కాదు. బండికి పోయాల్సింది పోసి, కిస్తీయో కిరాయో కట్టి, రిపేర్లకి తీసి పక్కనపెట్టాక మిగిలిందే ఇంటికి. బౌలర్ వేసుకునే స్పైక్ బూట్లు చాలా ఖరీదు. అయినా నాన్న తనకి మంచివే కొనిచ్చేవాడని, ఇంటి ఇబ్బందులేవీ తమ అన్నదమ్ములకి తెలియనివ్వలేదని సిరాజ్ 2017లో అన్నాడు.

తెలియనివ్వకపోవడం... నాన్నల పనిలో సగం అదే.

నాచారం ఫ్యాక్టరీ కార్మికుడికి ఇ.ఎస్.ఐ. కార్డుంటే, జబ్బు చేసినప్పుడు అక్కడే ఉన్న ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి వెళ్లొచ్చు. నిబంధనల ప్రకారం ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. ఆటో నడిపే మనిషికి ఆ ధీమా ఏది? ఒంట్లో బాగోలేదని బండి తీయకపోతే ఆ పూట సంపాదన లేనట్టే. అందుకే ఒంట్లో బాగోలేదన్న మాట కూడా ఇంట్లో తెలియనివ్వరు.

2017 ఫిబ్రవరిలో ఐ.పి.ఎల్. వేలంలో హైదరాబాద్ జట్టు సిరాజ్‌ని 2 కోట్ల 60 లక్షలకు తీసుకుంది. అతని మొదటి కోరిక అమ్మానాన్నలకి మంచి చోట ఇల్లు కొనడం. రెండోది, నాన్న ఇక ఆటో నడపకూడదు. రెండూ నెరవేరాయి. కానీ ఆ సుఖం ఎంతో కాలం దక్కలేదు. 2020 నవంబర్ 20న ఊపిరితిత్తుల జబ్బుతో గౌస్ కన్నుమూశారు. వయసు 53 మాత్రమే.

కొడుకు అప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్నాడు. కావాలంటే ఇంటికి వెళ్లిరమ్మని బోర్డు చెప్పింది. అక్కడే ఉండి నాన్న కోరిక తీర్చమని అమ్మ చెప్పింది. కడచూపు కూడా లేకుండా ఉండిపోయాడు. డిసెంబర్ 26న మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు. జనవరిలో బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు. సిరీస్ గెలిచి 2021 జనవరి 21న హైదరాబాద్‌లో దిగినవాడు ఇంటికి పోలేదు. విమానాశ్రయం నుంచి నేరుగా నాన్న సమాధి దగ్గరికే వెళ్లాడు.

2023 జనవరి 18న న్యూజిలాండ్‌తో వన్డే. ఉప్పల్ స్టేడియం కిక్కిరిసింది. ఒకప్పుడు తోసుకుంటూ బండి స్టార్ట్ చేసి వచ్చిన చోటే సిరాజ్ 46 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. మనం 12 పరుగుల తేడాతో గెలిచాం. అమ్మ, ఇంటివాళ్లు స్టాండ్స్‌లో కూర్చుని చూశారు. ఆయన మాత్రం లేరు.

కొడుకు పేరు మోగింది కాబట్టి గౌస్ కష్టం మనదాకా వచ్చింది. పెద్దకొడుకు చదువుకైన ఖర్చు గురించి ఏ పేపరూ రాయలేదు. అది కూడా అదే ఆటో సంపాదనే! అందరి పిల్లలూ సిరాజ్‌లు కారు. మన ఇళ్లలో చాలామంది నాన్నల లెక్క అలా రాయకుండానే ఉండిపోతుంది. ఒకరు ఓవర్‌టైం చేసి కాలేజీ ఫీజు కట్టుంటారు. ఒకరు పండక్కి తనకి చొక్కా వద్దని ఉంటారు. ‘నాకెందుకులే’ అన్న ఆ మాట వెనక ఎంత కూడికా తీసివేతా ఉందో పిల్లలకి తెలీదు.

మీ నాన్న ఇంట్లోనే ఉంటే, ఈ ఆదివారం పేపరు పక్కన పెట్టి ఒక్క మాట అడిగి చూడండి: “నాన్నా, ఆ ఏడాది నా ఫీజు ఎలా కట్టావు?”

మొదట ‘ఏదోలే’ అని దాటేస్తారు. రెండోసారి అడగండి.