తొమ్మిది మంది పిల్లలున్న గుహ

కొండవాలులో ఒక గుహ. లోపల పెద్ద గది. అందులో 12 మంది మగవాళ్లు, 18 మంది ఆడవాళ్లు, 9 మంది పిల్లలు. ఆడవాళ్లూ పిల్లలూ పోరాడరు. మగవాళ్ల దగ్గర తలా కాసిని వెండి నాణేలున్నాయి. మిగతావాళ్ల దగ్గర విలువైనదేమీ లేదు.

ఇది ఒక ఆట పుస్తకంలోని సమాచారం. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట కోసం 1979లో గ్యారీ గైగాక్స్ రాసిన ‘ది కీప్ ఆన్ ది బోర్డర్‌ల్యాండ్స్’లో ఓర్కులనే రాక్షస జాతి ఉండే ఒక గది గురించి చెప్పింది దాదాపు ఇంతే. కొత్తగా ఆట నేర్చుకునేవాళ్ల పెట్టెలో ఈ పుస్తకాన్ని కూడా పెట్టి అమ్మారు. అలా ఒక తరం ఆటగాళ్లు మొట్టమొదట కత్తి దూసింది ఈ గుహల్లోనే. ఆ రోజుల్లో ఒక మామూలు ఓర్కును చంపితే 10 పాయింట్లు. ఆ 9 మంది పిల్లల్ని ఏం చేయాలో మాత్రం పుస్తకం చెప్పదు.

సాహిత్య పత్రికకు ఈ ఆటతో పనేమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. పని ఉంది. ఇది నోటితో చెప్పుకునే కథ. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. తక్కినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఫలితాన్ని 20 ముఖాల పాచిక తేలుస్తుంది. హరిదాసు కథ మధ్యలో చిడతలు ఆపి, ముందు వరుసలో కూర్చున్న కుర్రాణ్ణి “నువ్వే హనుమంతుడివి, ఇప్పుడేం చేస్తావు?” అని అడిగితే ఎలా ఉంటుందో, అదే ఈ ఆట. నవలలో హంతకుడు ఎవరో ఒక పాత్ర. ఇక్కడ కత్తి ఎత్తాలా దించాలా అన్నది మన నోటి మాటే. అందుకే ఇందులో శత్రువును ఎలా చిత్రించారన్నది చిన్న విషయం కాదు.

ఓర్కులు ఈ ఆటలోకి టోల్కీన్ నవలల నుంచి వచ్చారు. మాట పాత ఇంగ్లీషుది, దానికి జాతిని కట్టబెట్టింది ఆయన. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో వాళ్లు చీకటి రాజు సైన్యం. కానీ ఆ నవలలోనే షాగ్రట్, గోర్బాగ్ అనే ఇద్దరు ఓర్కులు కాపలా మధ్య మాట్లాడుకునే ఘట్టం ఒకటుంది. పైవాళ్ల మీద విసుగు, యుద్ధం అయ్యాక పెద్ద దొరలెవరూ లేని చోటుకి పోయి నమ్మకమైన నలుగురితో బతుకుదామన్న ఆశ. ఆ మాటలు ఏ సైన్యంలోని బంట్లైనా మాట్లాడుకునేవే. టోల్కీన్‌కు ఈ చిక్కు తెలుసు. చెడు దేన్నీ సృష్టించలేదని, ఉన్నదాన్ని పాడు చేయడమే దానికి చేతనవుతుందని ఆయన మత విశ్వాసం. అలాంటప్పుడు పుట్టుకతోనే చెడ్డదైన జాతి ఎలా ఉంటుంది? ఎల్ఫులనే మరో జాతి చెడి ఇలా అయిందన్నాడు, చెడిన మనుషులన్నాడు, ఆత్మ లేని మృగాలేమోనన్నాడు. ఏ జవాబూ తృప్తినివ్వక చివరిదాకా దాన్ని తిరగరాస్తూనే పోయాడు.

రచయితను అంత వేధించిన ప్రశ్నను ఆట ఒక్క మాటతో మూసేసింది. గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు ఆటను 1974లో తెచ్చారు. 1977 నాటి ‘మాన్‌స్టర్ మాన్యువల్’లో ప్రతి జీవికీ ఒక పట్టిక ఉంటుంది. ఎంతమంది ఎదురుపడతారు, ఎంత దెబ్బకు ఓర్చుకుంటారు, మంచి వైపా చెడు వైపా. ఓర్కుల పట్టికలో 30 నుంచి 300 మంది అని ఉంది, చెడు అని ఉంది. చిత్రకారుడు డేవిడ్ సదర్లాండ్ వాళ్లకు పంది ముట్టె గీశాడు. ఆటలో ఇక చెడు వాళ్లు చేసే పని కాదు, వాళ్ల ఒంటి గుణం.

దీని పర్యవసానం 2005లో గైగాక్స్ మాటల్లోనే బయటపడింది. ధర్మవీరుడి పాత్ర ధరించినవాడు లొంగిపోయిన శత్రువునూ, పోరాడలేనివాళ్లనూ చంపవచ్చా అన్న చర్చలో, ఈపిని వదిలేస్తే పేనవుతుందన్న అర్థం వచ్చే ఒక అమెరికన్ సామెతను ఆయన సమర్థనగా తెచ్చాడు. అది కర్నల్ జాన్ షివింగ్టన్ పేరుతో ముడిపడిన మాట. 1864 నవంబరులో కొలరాడోలోని శాండ్ క్రీక్ దగ్గర చెయెన్, అరపాహో ప్రజల శిబిరం మీదికి సైన్యాన్ని నడిపినవాడు ఈ షివింగ్టన్. అక్కడ చచ్చిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. గుహలోని ఆ 9 మంది పిల్లల గురించి పుస్తకం చెప్పని జవాబును చరిత్ర ముందే చెప్పి ఉంది.

ఈ మాట అనగానే ఒక అభ్యంతరం వస్తుంది. ఓర్కులు కల్పిత జీవులు, వాళ్లలో నిజమైన మనుషుల్ని చూస్తున్నది మీరే, తప్పు మీ చూపులోనే ఉంది అంటారు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసేయకూడదు, దానికి జవాబు చెప్పాలి. పోలిక తెచ్చింది పాఠకులు కాదు. 1958లో రాసిన ఒక ఉత్తరంలో టోల్కీనే ఓర్కుల రూపురేఖల్ని మంగోల్ ముఖాలతో, అదీ వికృతపరిచిన మంగోల్ ముఖాలతో పోల్చాడు. నాజీల జాతి సిద్ధాంతాన్ని 1938లోనే అసహ్యించుకున్న మనిషి కలం నుంచి కూడా ఆ పోలిక వచ్చింది. తన కాలం తన చేత ఏం రాయిస్తోందో ఎంత మంచి రచయితకైనా పూర్తిగా కనబడదు. ఇక 1988లో వచ్చిన ‘ది ఓర్క్స్ ఆఫ్ థార్’ పుస్తకమైతే ఎర్ర ఓర్కుల్ని, పసుపు ఓర్కుల్ని సృష్టించి, అమెరికా ఆదివాసుల మీద, ఆసియా వాసుల మీద ఉన్న చౌకబారు ఎగతాళులన్నీ వాళ్లకు తగిలించింది. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 2000 నాటి మూడో కూర్పులో సగం ఓర్కు పాత్ర తీసుకున్నవాడికి బలంలో 2 కలుపుతారు, తెలివిలో 2 తీసేస్తారు. కండబలం ఉంది, బుర్ర లేదు అనే తూకం వలస పాలకుల పుస్తకాల్లో ఏ ప్రజల గురించి రాశారో మనకు తెలియనిది కాదు.

అయితే ఈ ఆటల చరిత్ర అంతా ఇలాగే లేదు. లోపలి నుంచే ఎదురుమాట పలికినవాళ్లున్నారు, అదీ చాలా ముందుగానే. 1982లో ‘డ్రాగన్’ పత్రికలో రోజర్ మూర్ ఓర్కుల వైపు నుంచి ఒక వ్యాసం రాశాడు. అందులో ఓర్కులు చెప్పుకునే పుట్టుక కథ ఉంది. దేవుళ్లందరూ కూడి లోకాన్ని చీట్లు వేసి పంచుకున్నారు. అడవులు ఎల్ఫులకు, కొండలు డ్వార్ఫులనే ఇంకో జాతికి పోయాయి. మనుషులు ఎక్కడైనా ఉండవచ్చన్నారు. ఓర్కుల దేవుడు, ఒంటికంటి గ్రూమ్ష్, వంతు వచ్చేసరికి ఏమీ మిగల్లేదు. దేవుళ్లందరూ నవ్వారు. అతను ఈటె ఎత్తి కొండల్ని చీల్చాడు, అడవుల్ని మాడ్చాడు, మా జనం ఈ చీలికల్లోనే ఉంటారు, అక్కడి నుంచే అంతా తీసుకుంటారు అన్నాడు.

ఈ కథ చదివాక మళ్లీ ఆ గుహలోకి వెళ్లి చూడండి. వాళ్లు అక్కడెందుకున్నారో తెలుస్తుంది. పంపకంలో మోసపోయినవాళ్లు వాళ్లు. గట్టు తగాదాలో తరాలు గడిచిన ఇళ్లు మనకు తెలుసు. భూమి దక్కనివాడి కోపం ఎంత నిజమైనదో, అది ఎంత క్రూరంగా మారగలదో కూడా తెలుసు. ఆ కోపం ఉన్న శత్రువు మనకు ప్రమాదకారే. కానీ అతనికి ఒక వాదన ఉంది.

అదే 1982లో ‘రూన్‌క్వెస్ట్’ ఆట కోసం శాండీ పీటర్సన్, గ్రెగ్ స్టాఫర్డ్ ‘ట్రోల్‌పాక్’ తెచ్చారు. ట్రోల్ అనే మరో రాక్షస జాతికి ఒళ్లెలా పనిచేస్తుంది, ఏం తింటారు, ఏ దేవతను కొలుస్తారు, ఏ శాపం వల్ల కడుపున బలహీనులు పుడుతున్నారు అన్నదంతా ఒక నాగరికత చరిత్రలా రాశారు. 1989 నాటి ‘షాడోరన్’లో ఓర్కు నగరంలో మన పక్కింట్లో ఉంటాడు, మనుషులకే పుడతాడు. 2004లో కీత్ బేకర్ రూపొందించిన ‘ఎబెరాన్’ లోకంలో పరలోకపు భూతాల నుంచి ప్రపంచాన్ని కాపాడిన తొలి యోగులు ఓర్కులే. ఈ ఆటల్లో ఎక్కడా శత్రువు లేకుండా పోలేదు, సాహసం తగ్గలేదు.

ఇక ఇటీవలి మార్పులు. 2020 జూన్‌లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ప్రచురణకర్తలు ఓర్కుల్ని ఇకపై ఏ ఇతర ప్రజల్లాగే మంచీ చెడూ కలిసినవాళ్లుగా చూపిస్తామని ప్రకటించారు. తెలివిలో కోత తీసేశారు. 2024 నాటి ఆటగాళ్ల పుస్తకంలో ఓర్కు మొదటి వరుస పాత్రల్లో చేరాడు. ‘రేస్’ అనే మాట స్థానంలో ‘స్పీసీస్’ వచ్చింది. 2025 ‘మాన్‌స్టర్ మాన్యువల్’లో ఓర్కుకు పేజీయే లేదు. వీటిని మనసారా స్వాగతిస్తున్నాం. కానీ ఒక ఆందోళన కూడా చెప్పాలి. మచ్చ తుడిచే తొందరలో కథను కూడా తుడిచేయకూడదు. చెడ్డవాడన్న ముద్ర తీసేసి, అతని చేతిలో ఒక ప్రయాణ సంచి పెట్టి పంపిస్తే సరిపోదు. పంపకంలో జరిగిన అన్యాయం ఏమైంది? ఓర్కును మనిషిని చేసేది అతని మంచితనం కాదు, అతనికి జరిగినదాన్ని అతను చెప్పగలగడం. ఆటకు శత్రువు కావాలి. శత్రుజాతి అక్కర్లేదు.

ఈ మాట చెప్పే హక్కు మనకు కొంత ఉంది, ఎందుకంటే ఆ 1977 పుస్తకంలో మనవాడూ ఒకడున్నాడు. పులి తలతో, దొరల దుస్తుల్లో, పైపు తాగుతూ కూర్చున్న ‘రాక్షసుడు’. నరమాంసం తింటాడు, మతగురువు దీవించిన బాణంతో చస్తాడు. అంతే అతని కథ. మన రాక్షసులు అంతేనా? మోసం అని గురువు చెప్పినా మాట తప్పని బలి చక్రవర్తి ఉన్నాడు. పాండవుల కోసం ప్రాణమిచ్చిన హిడింబ కొడుకు ఉన్నాడు. అలాగని మన చేతులు శుభ్రంగా ఉన్నాయనలేం. ఆ కథలు చెప్పుకుంటూనే పుట్టుకను బట్టి మనిషిని అంచనా వేయడం మనం మానలేదు. బ్రిటిష్ వాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల కుటుంబాల్ని స్టువర్టుపురం సెటిల్మెంటులో ఉంచారు. పేర్లు నమోదు చేశారు, హాజరు వేశారు. ఆ కులంలో పుట్టడమే అనుమానానికి చాలింది. 1952లో చట్టం పోయింది. ఊరి పేరు చెప్పగానే ముఖం మారిపోయే అలవాటు అంత త్వరగా పోలేదు. అది కూడా ఒక పట్టికే. పక్కన చెడు అని రాసి ఉన్న పట్టిక.

1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు తెలుగువాళ్లకు ఇంట్లో మనిషి. మనవాళ్లు, పరాయివాళ్లు అనడానికి ‘అసమదీయులు, తసమదీయులు’ అనే జంట మాటను పింగళి నాగేంద్రరావు పుట్టించింది అతని కొలువులోనే, రాక్షస శిష్యుల పాఠంలోనే. ఆ కొలువులో కూర్చుని చూస్తే అసమదీయులు రాక్షసులు. పరాయితనం కూర్చున్న చోటును బట్టి మారుతుందని మనం పిల్లల సినిమాగా చూసిన ఆ సినిమా ఎంత సులువుగా చెప్పిందో!

హైదరాబాదులోనూ, అమెరికాలోని తెలుగు ఇళ్లలోనూ ఇవాళ ఈ ఆటలు ఆడే పిల్లలున్నారు. రేపు వాళ్లలో కొందరు సొంత కథనాలు రాస్తారు, తెలుగులోనూ రాయాలని మా కోరిక. వాళ్లకు ఒక్క మనవి. మీ పట్టికలో ఎంతమంది, ఎంత బలం, ఎన్ని నాణేలు అని రాసిన తర్వాత ఇంకో గడి గీయండి. అందులో రాయండి: ఈ గుహకు రాకముందు వీళ్లు ఎక్కడుండేవాళ్లు?