పదిమంది నోట పలికేదే పాట

పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలో పండుగ వేదిక ఎక్కిన కుర్రవాడు గొంతుకు మించిన పాట ఎత్తుకుంటే రెండో చరణానికే శ్రుతి తప్పుతుంది. జనం నవ్వుతారు. ఆ నవ్వు విన్నవాడు మళ్లీ మైకు పట్టడు.

తేలిక పాట ఎంచుకోవడం చిన్నతనం కాదు. రికార్డు చేసిన వాద్యానికి గొంతు కలిపే ‘కరావోకే’ యంత్రాన్ని 1971లో జపాన్‌లో ఇనోవే దైసుకె తయారుచేశారు. దానితో పాడేవారు విద్వాంసులు కారు, సామాన్యులు. 2012లో వచ్చిన కొరియా పాట ‘గంగ్నమ్ స్టైల్’ భాష రానివారి చేత కూడా పల్లవి పలికించింది.

అంతదూరం ఎందుకు? ఈ జిల్లా గోనెపాడులో పుట్టిన గరిమెళ్ల సత్యనారాయణ రాసిన ‘మాకొద్దీ తెల్లదొరతనము’ సహాయ నిరాకరణ రోజుల్లో ఊరూరా పాకింది. పల్లవి సులువు కనుకనే పామరులూ అందుకున్నారు. ఆ పాటకు భయపడి తెల్లదొరలు ఆయనను జైల్లో పెట్టారు. 2020లో ‘పలాస 1978’ చిత్రంలోని ‘నక్కిలీసు గొలుసు’ పాట ఈ ప్రాంతపు యాసతోనే జనాన్ని ఆకట్టుకుంది.

కనుక పాడేవారు తమ గొంతుకు అందేది, పల్లవి పదిమందికీ తెలిసినది ఎంచుకోవాలి. పోటీలు పెట్టే యువజన సంఘాలు కూడా జనం గొంతు కలిపిన పాటకు ఒక బహుమతి కేటాయించడం మంచిది.